పది క్యారెట్ల డాంగిల్

మొన్న సంక్రాంతికి చెన్నూరు వెళ్ళినప్పుడు నా మౌస్ రిసీవర్ పోయింది. చరిత్ర రాస్తానని చెప్పి మౌస్‌తో మొదలెట్టాడేమిటి అనుకోకండి. గండికోట దాకా వెళ్ళే పని ఉంది, మధ్యలో లాహోర్ కూడా తగులుతుంది. కొంచెం ఓపిక పట్టండి :)

చెన్నూరంటే మంచిర్యాల వైపున్న చెన్నూరు కాదు. కడప దగ్గర, పెన్న ఒడ్డున ఉన్న చెన్నూరు. హైదరాబాదులో రాత్రి బస్సెక్కితే కర్నూలు, నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు దాటుకుని, కడప ఇంకా రాకముందే తెల్లవారుజామున దిగిపోవాలి. నిద్రపోయామా, కడప బస్టాండులో తేలతాం. నేను రెండుసార్లు తేలాను. మా జేజి అక్కడే ఉంటుంది (మా సీమలో నాయనమ్మని జేజి అంటాం). పండక్కి వెళ్తున్నా ప్రొడక్షన్ సపోర్ట్ నా నెత్తిన ఉంది. అది కొత్తేం కాదు. ఏ పండగకి ఏ రిలీజ్ పడుతుందో పంచాంగం చూసి చెప్పొచ్చు.

ఇంటికెళ్ళి స్నానం చేసి లాప్‌టాప్ తీశాను. మౌస్ ఉంది. యూఎస్‌బీలో ఉండాల్సిన చిన్న ముక్క లేదు. నా లాప్‌టాప్ టచ్‌పాడ్ ఏడాదిగా మొండికేస్తోంది, బాణం గుర్తు దాని ఇష్టమొచ్చిన చోటికి పోతుంది. అందుకే ఆ మౌస్. బ్యాగు తిరగేశాను, దులిపాను, బస్సు సీటు గుర్తు తెచ్చుకుని తిట్టుకున్నాను. జేజి వచ్చి "ఏం పోయింది నాయనా" అంది. "రిసీవర్ పోయింది జేజీ" అన్నాను. పాపం ఆవిడ మంచం కింద, గూట్లో, చివరికి వంటింట్లో కూడా వెతికింది. ఆవిడ వెతుకుతున్నది ల్యాండ్‌లైన్ ఫోన్ రిసీవర్ అని నాకు చాలాసేపటి దాకా అర్థం కాలేదు.

ఆ రోజు రిలీజ్ అంతా ట్యాబ్, ఆల్ట్ ట్యాబ్‌లతోనే లాగించాను. మర్నాడు కడప వెళ్ళి రిసీవర్ ఒక్కటే ఇమ్మంటే షాపతను నన్ను జాలిగా చూశాడు. "అది ఒగటే రాదు సార్, జత" అన్నాడు. నిజమే. ఈ చవకరకం మౌసుల్లో చాలావాటికి రిసీవర్‌ని ఫ్యాక్టరీలోనే కట్టబెడతారు. ఒకటి పోతే రెండోది విధవ. కొన్ని కంపెనీలు 2009 ప్రాంతం నుంచి ఒకే రిసీవర్‌కి నాలుగైదు పరికరాలు కలుపుకునే ఏర్పాటు తెచ్చాయి గానీ నా మౌస్ ఆ కులానికి చెందింది కాదు. చచ్చినట్టు కొత్తది కొన్నాను.

అక్కడితో వదిలేయొచ్చు. కానీ ఆ ముక్క ఎంత బరువుంటుందా అని ఊరికే చూశాను. రెండు గ్రాముల దగ్గర. రెండు గ్రాములంటే ఎన్ని క్యారెట్లో తెలుసా? పది. క్యారెట్ అంటే 200 మిల్లీగ్రాములు కదా. పది క్యారెట్ల వస్తువుని నేను బనీను పక్కన, చార్జరు వైర్ల మధ్య పడేసి నాలుగొందల కిలోమీటర్లు వచ్చాను. నేను దిగింది ఏ ఊళ్ళో? వజ్రాల ఊళ్ళో!

ఈ మాట మా వాళ్ళలోనే చాలామందికి తెలీదు. చెన్నూరంటే హైవే, పెన్న, ఇసక లారీలు. అంతే. కానీ 1911 నాటి బ్రిటానికా విజ్ఞాన సర్వస్వంలో వజ్రం గురించిన వ్యాసం తెరిస్తే, దక్షిణ భారతంలో వజ్రాలు దొరికే చోట్లలో కడప దగ్గర పెన్న మీదున్న చెన్నూరు పేరు బనగానపల్లె, కొల్లూరులతో పాటు కనిపిస్తుంది. అంతకు వందేళ్ళ ముందే ఈస్టిండియా కంపెనీ వైద్యుడు, వృక్షశాస్త్రవేత్త బెంజమిన్ హేన్ ఇక్కడి గనులు చూసి, 1814లో అచ్చయిన తన పుస్తకంలో రాశాడు. ఆయనా, ఆయన తర్వాత వచ్చిన భూగర్భ శాస్త్రవేత్తలూ చెప్పేదేమిటంటే.. ఇక్కడ గని అంటే కొండలో సొరంగం కాదు, ఏటి ఒడ్డు పొలంలో గుంత. పైన ఇసక, గరుసు. దాని కింద నల్లటి బంకమన్ను. ఆ కింద గుండ్రాళ్ళ పొర. వజ్రం ఉంటే గింటే ఆ రాళ్ళలో ఉంటుంది. తవ్వాలి, మోయాలి, కడగాలి, ఆరబోయాలి, ఎండలో కూర్చుని ఏరాలి. కనపర్తి, ఓబులంపల్లె పేర్లు కూడా ఆ రాతల్లో వస్తాయి. నేను చిన్నప్పుడు సైకిలు తొక్కిన ఊర్లు. ఒక్క రాయి కూడా వంగి చూడలేదు.

(ఇప్పటికీ తొలకరి పడగానే కర్నూలు జిల్లా జొన్నగిరి, తుగ్గలి వైపు, అనంతపురం జిల్లా వజ్రకరూరు వైపు జనం చేలల్లో వజ్రాలు వెతుక్కోవడం టీవీలో చూస్తూనే ఉంటాం. మా వైపు ఆ సందడి లేదు.)

సరే, ఇక గండికోట. జమ్మలమడుగు దగ్గర, ఇదే పెన్న కొండని కోసుకుంటూ పోయేచోట ఉన్న కోట. ఇప్పుడు అందరూ ఫోటోల కోసం వెళ్ళి లోయ అంచున కాళ్ళు వేలాడేసి కూర్చుంటున్నారే, అదే. 1652 సెప్టెంబరులో అక్కడికి తావెర్నియే అనే ఫ్రెంచి నగల వర్తకుడు వచ్చాడు. ఆయన దగ్గర అమ్మకానికి మంచి ముత్యాలు ఉన్నాయి. కొనాల్సింది గోల్కొండ సుల్తాను. కానీ విలువైన సరుకేదైనా ముందు మీర్ జుమ్లా చూసి ఊ అంటే తప్ప సుల్తాను కొనడు. మేనేజర్ అప్రూవల్ లేకుండా పర్చేజ్ ఆర్డర్ రాదన్నమాట. ఆ మేనేజరేమో కర్ణాటక సీమ జయించే పనిలో గండికోటలో మకాం. అందుకని తావెర్నియే కొండెక్కాడు. ఆయన ప్రయాణాల పుస్తకం 1676లో ఫ్రెంచిలో వచ్చింది. వాలెంటైన్ బాల్ అనే భూగర్భ శాస్త్రవేత్త 1889లో ఇంగ్లీషు చేశాడు. నాకు అందుబాటులో ఉన్నది అదే.

మీర్ జుమ్లా ఆఫీసు వర్ణన చదివి నేను పడీ పడీ నవ్వాను. నవాబు చెప్పుల్లేకుండా నేల మీద కూర్చుని ఉంటాడట. కాలివేళ్ళ సందుల్లో బోలెడు కాగితాలు, ఎడమచేతి వేళ్ళ సందుల్లో ఇంకొన్ని. ఒక్కోటి లాగడం, చదవడం, జవాబు చెప్పి రాయించడం. మనం బ్రౌజర్లో నలభై ట్యాబులు తెరుచుకుని కూర్చుంటాం చూడండి, అచ్చం అదే. ఆయనకి ఇరవై వేళ్ళే అడ్డం.

అసలు సంగతి ఇది కాదు. వీళ్ళు కూర్చుని ఉండగానే నవాబు దగ్గరికి అయిదు చిన్న సంచులు తెచ్చారు. ఒక్కోదాంట్లో గుప్పెడు వజ్రాలు. చూస్తే అన్నీ పలచటి చిన్న రాళ్ళు, ఎక్కువ భాగం అర క్యారెట్టూ, క్యారెట్టూ. రెండు క్యారెట్లవి ఎక్కడో ఒకటీ అరా. మచ్చ లేదు గానీ నీరు నలుపు. మీ దేశంలో ఇలాంటివి కొంటారా అని అడిగాడు నవాబు. నీరు తెలుపైతే కొంటారు అన్నాడు వర్తకుడు, మర్యాదగా. అప్పుడు నవాబు చెప్పిన లెక్క వినండి. ఈ సీమ పట్టుకోవాలనుకున్నప్పుడు ఇక్కడ వజ్రాల గనులున్నాయని ఆయనకి ఎవరో చెప్పారు. పన్నెండు వేల మందిని పెట్టి తవ్వించాడు. ఏడాది పొడుగునా తవ్వితే దొరికింది ఈ అయిదు సంచులు. శుద్ధ దండగ అని గనులు ఆపించి, ఆ జనాన్ని సేద్యానికి తోలేశాడు.

పన్నెండు వేల మంది, ఒక ఏడాది, అయిదు గుప్పిళ్ళు. అది చెన్నూరో, పెన్న పొడుగున ఇంకో చోటో తావెర్నియే పేరు చెప్పలేదు. కానీ నేను ఆ పేజీ దగ్గర చాలాసేపు ఆగిపోయాను. మన ప్రాజెక్టుల్లో కూడా వందమందిని పెట్టి ఏడాది నడిపి, చివరికి పై నుంచి ఒక మెయిల్‌తో ఆపేయడం చూశాం కదా. కనీసం మనకి బెంచ్ ఉంది. వాళ్ళని సేద్యానికి పంపాడంటే మంచిదే అనుకోవాలి. వాళ్ళకి భూమి తిరిగి దొరికి ఉంటే!

ఈ అయిదు సంచుల్లోంచి ఒక్క రాయి జారిపోకుండా ఎవరు కాపాడారు, ఎలా కాపాడారు అన్నది నా ప్రశ్న. చిన్న వస్తువుని దారిలో పోగొట్టుకున్నవాడికి ఇంకేం ప్రశ్న వస్తుంది?

దానికి జవాబు తావెర్నియే వేరే గని గురించి రాసినచోట దొరికింది. ఆయన రావుల్‌కొండ అన్నాడు. అది కర్నూలు జిల్లా రామళ్ళకోట అని చాలామంది అంటారు, కాదనేవాళ్ళూ ఉన్నారు. అక్కడ గనిలో పనిచేసే మనిషికి ఏడాదికి మూడు వరహాలు. ప్రతి యాభై మంది కూలీలకి పన్నెండు నుంచి పదిహేను మంది కాపలావాళ్ళు. లెక్క వేస్తే నలుగురికి ఒకడు! ఒంటి మీద గోచీ తప్ప ఏమీ ఉండదు కాబట్టి దాచుకోవాలంటే మింగడమే దారి. ఒకతను కంటి కొసలో రాయి దాచుకుని దొరికిపోయాడట. కంటి కొసలో అండీ. మన కంట్లో నలుసు పడితేనే సెలవు పెడతాం. ఏడెనిమిది మాంజెలిన్‌లు దాటిన పెద్ద రాయి (మాంజెలిన్ అంటే మన మంజాడి గింజ ఎత్తు, క్యారెట్టుంబావు పైమాట) దొరికి, దాన్ని నిజాయితీగా యజమానికి అప్పజెప్తే ఏమిస్తారు? తలపాగాకి ఒక గుడ్డ, అర వరహా నుంచి వరహా డబ్బు, కాసిని బియ్యం, ఒక పళ్ళెం చక్కెర. చదువుతుంటే మా మొదటి కంపెనీలో అవార్డుగా ఇచ్చిన టీషర్టు గుర్తొచ్చింది. అది నా సైజు కూడా కాదు.

2000ల్లో హైదరాబాదులో చేరినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. గేటు దగ్గర పెద్ద రిజిస్టరు. లాప్‌టాప్ సీరియల్ నంబరు రాయాలి. పెన్‌డ్రైవ్ ఉందా సార్? కెమెరా ఫోనా సార్? లోపల యూఎస్‌బీ పోర్టులు మూసేసి ఉండేవి. ఇంటికెళ్ళేప్పుడు మళ్ళీ బ్యాగు తెరిచి చూపించాలి. ఒకసారి ఒక కొత్త సెక్యూరిటీ కుర్రాడు నా మౌస్ రిసీవర్‌ని పెన్‌డ్రైవ్ అనుకుని ఆపేశాడు. వాడికి అది పెన్‌డ్రైవ్ కాదని నిరూపించడానికి అరగంట పట్టింది, మా మేనేజరు కిందికి దిగి రావాల్సొచ్చింది. ఆ కుర్రాడి తప్పేం లేదు. చూడ్డానికి రెండూ ఒకటే. అతని జీతంలో అయితే మౌస్ కూడా పెద్ద వస్తువే. కానీ ఒకటి గమనించాను. అదే గేటులోంచి మా వైస్ ప్రెసిడెంటుగారి కారు రోజూ వెళ్ళేది. దాని డిక్కీ తెరవడం నేనెప్పుడూ చూడలేదు.

గనిలోనూ ఇదే. సోదా కూలీకి. వర్తకుడికి సోదా లేదు, ఎస్కార్టు. తావెర్నియేకి గని అధికారి కాపలా ఇచ్చి పంపాడు. చిన్న వస్తువు ఒకటే, అది కొందరి దగ్గర ఉంటే ఆస్తి, కొందరి దగ్గర ఉంటే సాక్ష్యం. భద్రత గురించి రాసే చరిత్రల్లో పెట్టెలు, తాళాలు, ఖజానాలు ఉంటాయి గానీ ఈ కంటి కొస ఉండదు. నాకు మాత్రం వజ్రాల చరిత్రలో కోహినూర్ కంటే ఆ కంటి కొసే ఎక్కువ గుర్తుండిపోయింది. అతని పేరు తావెర్నియే రాయలేదు. యజమాని చూపిస్తే చూశాడంతే.

ఇక వర్తకులు ఎలా తీసుకెళ్ళేవాళ్ళు? ఇనప్పెట్టె అనుకుంటాం. కాదు. తావెర్నియే గనిలో ఉండగా ఒక సాయంత్రం ఒక బనియా వచ్చాడట. నడుముకి ఒక గుడ్డ, తలకి చిరుగుల రుమాలు, చూస్తే బిచ్చగాడనుకోవాలి. ముందు ఒక మామూలు కెంపు ఉంగరం చూపించాడు. అందరూ వెళ్ళిపోయాక రుమాలు విప్పి, జుట్టులోంచి చిన్న గుడ్డముక్క తీశాడు. దాంట్లో 48న్నర క్యారెట్ల వజ్రం! దాదాపు నా మౌస్ రిసీవర్లు అయిదు. కొప్పులో.

అదొక్కడి తెలివి కాదు, అందరి పద్ధతీ అంతే. జేబు అనేది మన బట్టల్లోకి మొన్న మొన్న వచ్చింది. అంతకు ముందు వస్తువు ఒంటికి కట్టుకునేది. రొంటిన దోపుకోవడం, కొంగున ముడేయడం, మొలతాడుకి కట్టుకోవడం, తలపాగా మడతలో పెట్టడం, వక్కాకు సంచిలో అడుగున వేయడం. మా జేజి ఇప్పటికీ బస్సెక్కేముందు కమ్మలు తీసి, చిన్న గుడ్డలో చుట్టి, కొంగు చివర ముడేసి, ఆ కొంగు రొంటిన దోపుతుంది. నాలుగు నిమిషాలకోసారి చెయ్యి అక్కడికి పోతుంది. అదే ఆవిడ అలారం. 2021లో ఏపిల్ వాడు వస్తువులు పోకుండా బిళ్ళ ఒకటి అమ్మకానికి పెట్టాడు కదా, దానికి బ్యాటరీ మార్చాలి. జేజి చెయ్యికి అక్కర్లేదు.

అన్నట్టు, అదే గనిలో పది నుంచి పదహారేళ్ళ మగపిల్లలు పొద్దున్నే ఊరి మధ్య చెట్టు కింద కూర్చుని వజ్రాలు కొనేవారట! వర్తకుల పిల్లలు. ఒక్కొక్కరికీ ఒక పక్క తూకం రాళ్ళ సంచి, ఇంకో పక్క నడికట్టుకి కట్టిన డబ్బు సంచి, అందులో ఆరొందల వరహాల దాకా. గనిలో కూలీ ఏడాదికి మూడు వరహాలని ఇందాకే చెప్పుకున్నాం, మీరే భాగించుకోండి. ఎవరైనా రాయి తెస్తే వాళ్ళలో పెద్దవాడి చేతిలో పెడతారు. అక్కణ్ణించి అది చేతులు మారుతూ చుట్టూ తిరిగి వస్తుంది. ఎవరూ మాట్లాడరు. అంతమంది కళ్ళముందు తిరిగే రాయి ఎక్కడికి పోతుంది? దాన్ని మించిన తాళం లేదు.

బేరం పద్ధతి ఇంకా బాగుంటుంది. కొనేవాడూ అమ్మేవాడూ ఎదురెదురుగా కూర్చుంటారు. నడికట్టు గుడ్డ విప్పి చేతుల మీద కప్పుతారు. గుడ్డ కింద అమ్మేవాడు కొనేవాడి చెయ్యి పట్టుకుంటాడు. చెయ్యంతా నొక్కితే వెయ్యి. అయిదు వేళ్ళు పట్టుకుంటే అయిదొందలు. ఒక వేలు వంద, సగం వేలు యాభై, వేలి కొస పది. పక్కనే పదిమంది కూర్చున్నా ధర ఎంతో ఒక్కరికీ తెలీదు. అదే రాయి కాసేపట్లో ఇంకొకడికి ఇంకో ధరకి అమ్మొచ్చు. పశువుల సంతల్లో తువ్వాలు కింద బేరం చూసినవాళ్ళకి ఇది కొత్తగా అనిపించదు.

నాకది చదవగానే బ్లూటూత్ పెయిరింగ్ గుర్తొచ్చింది, ఏం చేస్తాం, వృత్తిదోషం. రెండు చేతులు, తక్కువ దూరం, ముందే ఒప్పుకున్న సంకేతాలు, మూడోవాడికి కనపడకుండా ఒక గుడ్డ. వైర్‌లెస్‌లో అన్నిటికంటే ముఖ్యమైంది ఆ గుడ్డ. మన దేశంలో 2.4 గిగాహెర్ట్జ్ పట్టీని తక్కువ శక్తి పరికరాలకి లైసెన్సు లేకుండా వాడుకోవచ్చని 2005లో రూల్సు వచ్చాయి. ఆ తర్వాత ఊరూరా వైర్‌లెస్ సామాను వచ్చిపడింది, 2007 నుంచి గోరంత రిసీవర్లు కూడా. అందరూ సైజు చూశారు, గుడ్డ ఉందా లేదా ఎవరు చూశారు? 2016 ఫిబ్రవరిలో బాస్టిల్ అనే అమెరికా కంపెనీ పరిశోధకులు మౌస్‌జాక్ అని ఒక లోపం బయటపెట్టారు. చాలా కంపెనీల వైర్‌లెస్ కీబోర్డులు తాము పంపేదాన్ని ఎన్‌క్రిప్ట్ చేస్తున్నాయి. మౌసులు మాత్రం క్లిక్కే కదా అని వదిలేశాయి. పైగా కొన్ని రిసీవర్లు మౌస్ పేరు చెప్పుకుని ఎవరు కీబోర్డు నొక్కుళ్ళు పంపినా అమాయకంగా పుచ్చుకునేవి. వంద మీటర్ల దూరం నుంచి ఎవడో మన మెషీన్లో టైపు చేయొచ్చు. కొన్నిటికి ఫర్మ్‌వేర్ సరిచేశారు, కొన్నిటికి సరిచేసే దారే లేదు. నేను పోగొట్టుకున్నది ఏ రకమో నాకు ఆ రోజు దాకా తట్టలేదు. ఎయిర్‌పోర్టులో, రైల్లో, హోటల్లో ఏళ్ళ తరబడి దాన్ని గుచ్చి ఉంచాను. పోతుందేమో అన్న భయమే తప్ప, ఉండగా ఏం చేస్తుందో అన్న భయం నాకెప్పుడూ లేదు. చెట్టు కింద ఆ పదేళ్ళ పిల్లలకి ఉంది.

లాహోర్ అన్నాను కదా. 1849లో పంజాబు ఇంగ్లీషువాళ్ళ చేతికొచ్చింది. కోహినూర్ కూడా వచ్చింది (అది మన కొల్లూరుదే అంటారు, గట్టి రుజువు లేదు). పంజాబు పాలక మండలి ముగ్గురు సభ్యుల్లో జాన్ లారెన్స్ ఒకడు, రాయి ఆయనకి అప్పజెప్పారు. ఆయన జీవితచరిత్రలో ఒక కథ ఉంది. చిన్న డబ్బాలో గుడ్డల్లో చుట్టి ఉన్న కోహినూర్‌ని వెయిస్ట్‌కోటు జేబులో వేసుకుని, భోజనానికి బట్టలు మార్చుకుని, మర్చిపోయాడట. ఒకరోజు రెండు రోజులు కాదు, ఆరు వారాలు! రాణిగారికి పంపమని కబురొస్తే "అయితే తెప్పించండి" అన్నాడు. "అది నీ దగ్గరే ఉంది కదా" అన్నాడు అన్న హెన్రీ. గుండె జారి ఇంటికి పోయి ముసలి నౌకర్ని అడిగితే, "డబ్బా దాచాను సాహెబ్" అని తెచ్చి గుడ్డలు విప్పి, "ఇందులో ఏం లేదు, గాజుముక్క" అన్నాడు.

ఆ ముసలాయన పారేసి ఉంటే? ప్రపంచంలో ఏ దొంగా చేయలేని పని ఒక చాకలి పద్దు చేసేది. ఇంత పెద్ద సామ్రాజ్యం, ఇంత సైన్యం, చివరికి రాయి మిగిలింది సాహెబుగారి బట్టల్లో దొరికిన చెత్తని కూడా పారేయని ఒక మనిషి వల్ల. ఆ తర్వాత గవర్నర్ జనరల్ డల్హౌసీ స్వయంగా దాన్ని బొంబాయికి మోసుకెళ్ళాడు. ఎలా అనుకున్నారు? నడికట్టులో పెట్టి రెండు వరసలు కుట్టించి, ఆ నడికట్టుని మెడలో గొలుసుకి తగిలించుకుని. రాత్రిళ్ళు రెండు కుక్కలు కాపలా. 1850 ఏప్రిల్లో మెడియా అనే ఓడ ఎక్కించారు, లోపల ఏముందో ఓడ కెప్టెనుకి కూడా చెప్పకుండా. అంటే ఇంగ్లీషు గవర్నర్ జనరల్ కూడా చివరికి మా జేజి పద్ధతికే వచ్చాడు. కొంగు బదులు బెల్టు, చెయ్యి బదులు కుక్కలు.

ప్రయాణంలో చిన్న సామాను కోసం ఇప్పుడు రకరకాల గట్టి డబ్బాలు అమ్ముతున్నారు, నురుగు గుంటలు, జిప్పులు. నా దగ్గరా ఒకటుంది. ఇయర్‌బడ్స్‌కి, రిసీవర్‌కి వేర్వేరు గుంటలు. ఆ డబ్బానే హైదరాబాదులో మర్చిపోయాను. దెబ్బ తగలకుండా కాపాడుతుంది తప్ప మతిమరుపు నుంచి కాపాడదు. పవర్ బ్యాంకులు, విడి లిథియం బ్యాటరీలు మాత్రం విమానంలో చెకిన్ లగేజీలో వేయనివ్వరు కాబట్టి, వాటి పుణ్యమా అని చేతిసంచి ఒకటి ఒంటి మీద ఉంటోంది. రిసీవర్‌కి అలాంటి రూలు లేదు. బస్సుకి అసలే లేదు.

కనుమ మర్నాడు బయల్దేరుతుంటే జేజి గుమ్మంలో కూర్చుని వక్కాకు సంచి విప్పింది. ఆకులు, వక్కలు, సున్నం డబ్బా, ఒక రెండు రూపాయల బిళ్ళ. వాటి కింద ధాబా టిష్యూ పేపరు పొట్లం. కర్నూలు దగ్గర బస్సు ఆగినప్పుడు లాప్‌టాప్ లోపల పెడుతూ రిసీవర్ విరుగుతుందేమోనని, జాగ్రత్తగా, నేనే, టిష్యూలో చుట్టి చొక్కా జేబులో వేసుకున్నాను. అప్పుడు గుర్తొచ్చింది.

"ఇదేందో నల్లముక్క నాయనా. నీ సొక్కా ఉతికేకి ఏసేటప్పుడు జేబీలో ఉండె. యాడన్నా పనికొస్తాదేమోనని ఈడేసినా."

"జేజీ, నాలుగు రోజుల నుంచి నేను వెతుకుతాండేది ఇదే!"

"నువ్వు ఫోను రిసీవరంటివి గదరా."

కొత్త మౌస్ కొనేశాను కదా, పాతదాన్ని చెన్నూరులోనే గూట్లో పెట్టి వచ్చాను, మళ్ళీ ఉగాదికి పనికొస్తుందని. దాని రిసీవర్ జేజి దగ్గరే ఉంచమన్నాను. వక్కాకు సంచిలో, సున్నం డబ్బాకి తగలకుండా, వేరే అరలో వేసిందట. ఫోన్ చేసినప్పుడల్లా ఉందని చెప్తోంది.